పాలపళ్ళ గదిలో మైనం డాక్టరు గారు

ఎనభై తొమ్మిదవ సంవత్సరం జూలై మూడవ తేదీన మన ఆస్పత్రి దంతవైద్య విభాగంలో సహాయ వైద్యురాలిగా ప్రవేశించి, ఈ నెలాఖరున పిల్లల దంతవైద్య నిపుణురాలిగా పదవీ విరమణ చేస్తున్న మా డాక్టరు గారిని గురించి నాలుగు మంచి మాటలు రాయమని వీడ్కోలు సంచిక సంపాదకవర్గం నన్ను కోరింది. నవజాత శిశువుల వార్డు ప్రధాన నర్సుగా ఆమెతో అందరికంటే ఎక్కువసార్లు పోట్లాడినదాన్ని కనుక ఈ గౌరవం నాకు దక్కి ఉంటుంది. "కాస్త తియ్యగా రాయండి సిస్టర్" అని కూడా అన్నారు. ప్రయత్నిస్తాను గానీ, వచ్చే నెల నుంచి ఆమె గదిని ఎత్తేయబోతున్నారని తెలిశాక నాకు కడుపు మండిపోతోంది.

ఆమె ఉద్యోగ జీవితపు తొలి సంవత్సరాలు అందరిలాగే పళ్ళు పీకడంలో, సిమెంటు నింపడంలో గడిచాయి. తరువాత మా వార్డుకు శ్వాస యంత్రాలు వచ్చాయి. అంతకుముందు దక్కని, నెలలు నిండని బిడ్డలు బతికి ఇళ్ళకు వెళ్ళసాగారు. ఏడాది నిండినా ఒక్క పన్నయినా రాలేదని ఆ తల్లులే బెంగతో ఆమె దగ్గరకు వచ్చేవారు. ఆమె బిడ్డ వయసు అడిగేవారు కారు. నెలలు నిండి ఉంటే ఎప్పుడు పుట్టవలసిందో అడిగేవారు. "అక్కణ్ణుంచి లెక్కెయ్యండమ్మా. మీవాడు తొందరపడ్డాడు గానీ, వాడి పళ్ళు తొందరపడలేదు" అని నవ్వించి పంపేవారు. ఆ బిడ్డల కోసం వేరే గది కావాలని అధికారుల చుట్టూ తిరిగి తిరిగి, చివరకు విరిగిన చక్రాల కుర్చీలు పడేసే గదిని సంపాదించారు. సిబ్బంది దానికి పాలపళ్ళ గది అని పేరు పెట్టారు.

ఆ గదిలోనే ఆమె ఒక సంగతి గమనించారు. నెలలు నిండని బిడ్డలకు పంటి పైపొర ఎలాగూ పలచన. మచ్చలు, గుంటలు సహజం. కానీ శ్వాసగొట్టం వేసిన పిల్లల్లో చాలామందికి పై వరుసలో ఎడమవైపు ముందరి పన్నే ఎక్కువగా దెబ్బతింటోంది. ఒకరోజు రబ్బరు బొమ్మనూ, గులాబీరంగు మైనాన్నీ పట్టుకుని నేరుగా మా వార్డుకు వచ్చారు. బొమ్మ చిగుళ్ళ మీద మైనం అతికించి, జూనియర్ డాక్టర్లందరి చేతా గొట్టం వేయించారు. ఒక్కొక్కరి పని అయ్యాక ఆ మైనాన్ని ఊడదీసి బల్ల మీద వరుసగా పరిచారు. అన్నింటికీ ఎడమవైపే సొట్ట. నోరు తెరిచి ఉంచే పరికరాన్ని అందరూ ఎడమచేత్తోనే పట్టుకుంటారు, తొందరలో దాని బరువంతా చిగురు మీదే మోపుతారు. ఆ చిగురు లోపల పాలపన్ను అప్పటికింకా తయారవుతూ ఉంటుంది.

నాకు ఒళ్ళు మండింది. "బిడ్డ నీలంగా మారిపోతుంటే మేం పళ్ళు చూసుకుంటూ కూర్చోవాలా డాక్టరుగారూ?" అన్నాను.

"కూర్చోమని ఎవరన్నారు? మణికట్టు వంచొద్దు, పైకెత్తండి. అంతే. దానికేం ఎక్కువసేపు పట్టదు" అన్నారు, అంతకన్నా గట్టిగా.

ఆమె చెప్పింది సరైనదే; చెప్పిన తీరు మాత్రం నాకిప్పటికీ నచ్చదు. అప్పటినుంచి కొత్త జూనియర్లు వచ్చిన ప్రతిసారీ ఆ మైనం పాఠం జరిగింది, ఆమెకు మైనం డాక్టరు అన్న పేరూ స్థిరపడింది.

ఒక సంఘటన మాత్రం చెప్పక తప్పదు. రెండేళ్ళ మనవణ్ణి చంకనేసుకుని ఒక నాయనమ్మ వచ్చింది. వెనకాల కోడలు తలవంచుకుని నిలబడింది. బిడ్డ ముందరి పన్ను గోధుమరంగుకు తిరిగి, అంచు విరిగి ఉంది. "పాలల్లో పంచదార కలిపి పట్టిందండీ. ఎంత చెప్పినా చెవిన పెట్టదు" అంది పెద్దావిడ. డాక్టరు గారు బిడ్డ నోరు పరీక్షించి, పుట్టినప్పుడు గొట్టం వేశారా అని అడిగి తెలుసుకుని, ఆవిణ్ణి దగ్గరకు పిలిచారు.

"పెద్దమ్మా, ఈ పన్ను పాడుచేసింది మీ కోడలు కాదు. వీడికి ఊపిరి పోసే తొందర్లో మా ఆస్పత్రి చేతులే పాడుచేశాయి. తిట్టాలంటే నన్ను తిట్టండి."

పెద్దావిడ మనవడి పెదవి పైకెత్తి ఆ పన్నును మరోసారి చూసింది. తరువాత, "మరి ఇన్నాళ్ళూ ఈ ముక్క ఎవరూ చెప్పలేదేం?" అంది. కోడలు గోడవైపు తిరిగి ఏడ్చింది. నేను ఆ గదిలోనే ఉన్నాను.

ఆ నిజం చెప్పినందుకు ఆమెకు దక్కిన బహుమతి సంజాయిషీ కోరుతూ ఒక మెమో. ఆస్పత్రి పరువు తీశారట. మొన్నటి సమావేశంలో మన డైరెక్టరు గారు, "ఊడిపోయే పళ్ళకి ప్రత్యేకంగా ఒక డాక్టరెందుకండీ?" అన్నారు. "ఊడేదాకా వాటితోనే కదండీ నమలాలి" అన్నారు ఈమె. కొందరు నవ్వి ఊరుకున్నారు. ఆమె ఉద్యోగంలో ఇక ఎవరినీ నియమించరు; ఆ గదిలో సందర్శకుల కోసం సోఫాలు వేస్తారు. అంత ఇష్టమైతే వారానికొకసారి జీతం లేకుండా వచ్చి ఏదో ఒక మూల కూర్చుని చూడవచ్చని మాత్రం దయతలిచారు. ఆమె ఒప్పుకోలేదు.

ఈ విషయంలో ఆమె మీదా నాకు కోపం వచ్చింది. "మీరు రాకపోతే ఆ తల్లులకి ఎవరు చెప్తారు?" అని నిలదీశాను.

"నేను ఊరికే వచ్చానంటే ఇంకెవర్నీ వెయ్యరు సిస్టర్. నాకు ఓపికున్నన్నాళ్ళు నడుస్తుంది, తర్వాత అదీ ఉండదు" అన్నారు.

ఇన్నేళ్ళు ఆమె కోపాన్ని ఇంట్లో భరించిన వారి భర్తగారికీ, కుమార్తెలిద్దరికీ నా నమస్కారాలు. ఇకనైనా ఆమె విశ్రాంతి తీసుకుంటారని వారు ఆశపడుతున్నారు. వారు నన్ను మన్నించాలి. ఆమెకు సంపూర్ణ ఆరోగ్యాన్నీ, దీర్ఘాయువునూ మర్యాద కోసం కోరడం లేదు, అవసరం కొద్దీ కోరుతున్నాను. మరొక డాక్టరు ఆ కుర్చీలో కూర్చుని, ఏ తల్లితోనైనా "ఇది నీ తప్పు కాదమ్మా" అని చెప్పే రోజు వరకూ ఆమె బతికి ఉండాలి, దానికోసం పోట్లాడేందుకు ఒంట్లో ఓపిక ఉండాలి, ఆ కోపమూ అలాగే ఉండాలి. వీడ్కోలు సభ వేదిక మీద కూర్చుని ఆమెను పొగడబోయే పెద్దలు ఆ రోజును ఎంత త్వరగా తెస్తే, ఆమెకు విశ్రాంతి అంత త్వరగా దొరుకుతుంది.