మసిగుడ్డ

1963. కోట దగ్గర ఒక ఎలిమెంటరీ బడి వరండా. కుష్ఠు సర్వేకు వచ్చిన జీవానందం, ఒకప్పుడు తనకు చదువు చెప్పిన, ఇప్పటికీ అక్కడే పాఠాలు చెబుతున్న పద్మనాభయ్య చేతి మీది బొబ్బను చూస్తున్నాడు.

“ఇంత బొబ్బ ఎట్టా లేచింది అయ్యవారూ?”

“గంజి ఒలికింది. దాన్ని వదిలెయ్. పిలకాయల్ని చూసేదానికి గదా వచ్చినావు.”

“పిలకాయలు అయిపోయినారు. మంట లేదా?”

“లేదు. మా ఇంటామె పోయినప్పటినుంచి తెల్లారి గంటసేపు కూర్చుంటున్నా. ఊపిరి లోపలికి పోతుంటే చూడటం, బయటికొస్తుంటే చూడటం. నొప్పి వచ్చినా అట్టానే చూడటం.”

“చూస్తే పోతుందా?”

“పోదు. ఈ మోకాళ్లుండాయే, సలుపు సలుపే. కాకపోతే అది అక్కడుంటుంది, నేనిక్కడుంటా. కొట్లాట ఉండదు.”

“మరి చేతిలో?”

“చేతిలో అసలు లేదు. అక్కడ బాగా కుదిరినట్టుండాది.”

“కళ్లు మూసుకోండి. ఈకతో తాకుతా. తాకినచోట వేలు పెట్టండి.”

“ఏడో ఎక్కం రాక బల్ల కింద దూరినోడివి, నాకు పరీక్షా?”

“మూసుకోండి అయ్యవారూ.”

“ఊఁ. ఇదిగో, మోకాలు. ఇక్కడ, భుజం. ఆగిపోయినావేం?”

“ఆగలేదు. చేతి మీద నాలుగుసార్లు తాకినా.”

“ధ్యాస ఊపిరి మీదుండాదేమో.”

“మోకాలు తాకినప్పుడు?”

“అప్పుడూ అక్కడే ఉండాది.”

“మోకాలి నొప్పి మీకు తెలుస్తానే ఉండాది. అది మీ సాధన. ఇక్కడ తెలియనే తెలియడం లేదు. నరం చచ్చిపోయింది.”

“అదేనా?”

“అదే. మందుంది. బిళ్లలు నేనే తెచ్చిస్తా. ఏళ్లతరబడి మింగాల.”

“బడి?”

“రిపోర్టు రాయక తప్పదు.”

“రాయి. నా మొహం చూసి మానుకోబాక.”

“ఇంట్లో ఎవరుండారు?”

“కూతురు. లక్ష్మి. పన్నెండేళ్లు. వంట అదే చేస్తుంది. పొద్దున నా పక్కనే ఊపిరి చూస్తా కూర్చుంటుంది.”

“ఒకసారి పిలవండి.”

“జీవానందం.”

“చెప్పండి.”

“మొన్న ఉడుకుతున్న కుండని మసిగుడ్డ లేకుండా దించింది. నాకంటే నీకే ముందు కుదిరింది తల్లీ అని మెచ్చుకున్నా. అప్పట్నుంచి గుడ్డ పట్టుకోవడమే మానేసింది.”