కళ్ళు లేని పాము

ఆ సీసా అక్కడే పెట్టు నీవెస్, మూత తియ్యకు. అందులోని పాములాంటిది పూలకుండీ కింద దొరికిందా? చంపెయ్యమన్నాడా మీ నాన్న? కాస్త ఆగమను. ఇలాంటిదాని మూలంగానే నా వేలు పోవాల్సింది. నవ్వుతావేం, నిజమే. మా హెర్మీనియా అత్త లేకపోతే ఈ చేత్తో నీకు జడ వేసేదాన్నా? అత్తంటే మా నాన్న ఫాబియాన్‌కి అక్క. ఊరి చివర మేకల్ని పెట్టుకుని ఒక్కతే ఉండేది. ఎడమ చెయ్యి ఎప్పుడూ గౌను జేబులోనే. చలికేమో అనుకునేవాళ్ళం పిల్లలం. ఎండాకాలం కూడా చలేనా అని మాలో ఎవరూ అడగలేదు.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. శనగచేలో రాళ్ళు ఏరుతున్నాం. ఒక రాయి ఎత్తానో లేదో చురుక్కుమంది. చూద్దును కదా, వానపాములాంటిది వేలు పట్టుకుని వేలాడుతోంది. నాన్న దాన్ని విదిలించి పారతో కొట్టాడు. రెండు ముక్కలూ కదులుతూనే ఉన్నాయి. ‘రెండు తలల పామే ఇది, రెండు వైపులా విషమే’ అన్నాడు. అప్పట్లో మావాళ్ళు ఏం చేసేవాళ్ళో తెలుసుగా, విషం మోచెయ్యి దాటకముందే వేలు తీసెయ్యడం. చేలో పాక దగ్గర, సీసా బిరడాల కోసం కార్క్ చెట్ల బెరడు ఒలిచే గొడ్డలి ఒకటుండేది, మా తాత కాలంనాటిది. అమ్మ నా చెయ్యి మొద్దు మీద పెట్టి పట్టుకుంది. ‘కళ్ళు మూసుకో తల్లీ’ అంటోంది. నేను మూసుకోలేదు. గొడ్డలినే చూస్తున్నా.

నా ఏడుపు విని అత్త పరిగెత్తుకొచ్చింది. ‘ఆగరా ఫాబియాన్, ఏది కరిచిందో చూపించు.’ ‘చూసేంత టైమెక్కడిది అక్కా.’ అత్త వినిపించుకోలేదు. తల ఉన్న ముక్కని ఒంటిచేత్తోనే ఎత్తి, కూజా నీళ్ళలో కడిగి, గోటితో గీకి చూసింది. ‘పాముకైతే పొలుసులు ఒకదాని మీదొకటి ఉంటాయి. దీనికి వరసగా ఉంగరాలున్నాయి, మధ్యలో గాట్లు. కళ్ళున్నచోట చర్మం కింద రెండు చుక్కలు, అంతే. విషం లేదురా దీనికి.’ ‘నువ్వు పొరబడితే నా బిడ్డ పోతుంది’ అన్నాడు నాన్న. అత్త తన వేలు దాని నోట్లో పెట్టింది. అది ఇంకా చావలేదు, పట్టుకుంది. ‘నాది నల్లబడితే ఇద్దరివీ తియ్యి’ అంది.

మధ్యాహ్నం దాకా అలాగే కూర్చున్నాం, మధ్యలో గొడ్డలి. చర్చి గంట కొట్టినప్పుడల్లా నాన్న ఇద్దరి వేళ్ళూ నొక్కి చూసేవాడు. ఏమీ కాలేదు. ‘నీకెలా తెలుసత్తా?’ అని అడిగా. అత్త జేబులోంచి ఎడమ చెయ్యి తీసి మొద్దు మీద పెట్టింది. నాలుగే వేళ్ళు. ‘ఏడేళ్ళప్పుడు. ఈ గొడ్డలే. నన్ను కరిచినదాన్ని ఎవరూ కడిగి చూడలేదు. వేలు నరికాక నేనే చూశా, ఇలాంటిదే’ అంది.

...ఆ సీసా ఇటు తే. వెలుగులో పెట్టు.