మెట్ల మలుపులో గాడిద

సగం కట్టిన మేడ మెట్ల కింద మేస్త్రి, గాడిదల మీద ఇటుకలు మోయించే ఆవిడ నిలబడి ఉన్నారు. రెండో అంతస్తు మలుపులో ఆవిడ గాడిద ఒకటి పొద్దుటి నుంచీ కదలడం లేదు.

“ఇంకా అక్కడే ఉందా?”

“అక్కడే ఉంది.”

“కొట్టావా?”

“కొట్టాను. తోక మెలిపెట్టాను. ఇటుకలు దించేసి కూడా చూశాను.”

“నీతో లాభం లేదక్కా. ఇంకాసేపట్లో విచారణకు ఆఫీసరు వస్తాడు. అమ్మిపారేయి దాన్ని.”

“పొద్దున ఆ కూలీ పై నుంచి పడ్డ చోటే నిలబడింది, మేస్త్రీ.”

“అయితే?”

“అతని మీద ఎవరి కాలూ పడకుండా అడ్డం నిలబడింది. ఆసుపత్రికి మోసుకుపోయాక కూడా కదల్లేదు.”

“అబ్బో, గాడిదకు జాలి. రేపు సన్మానం చేయిద్దాం. బెదిరింది, అంతే. పశువుకు మంచీ చెడూ ఏం తెలుసు? మేత తెలుసు, దెబ్బ తెలుసు.”

“బెదిరితే కిందికి పరిగెత్తాలిగా. మిగతా రెండూ అలాగే పరిగెత్తాయి.”

“వాడు రోజూ దానికి ఏ బెల్లం ముక్కో పెట్టి ఉంటాడు.”

“బెల్లమా? అడ్డం వస్తే పారతో ఒకటి అంటించేవాడు. దాని చెవి చిరిగింది అతని వల్లే.”

“అయితే మరీ బుద్ధిలేని గాడిద. అది సరే, ఆఫీసరు అడిగితే ఏం చెప్పాలో గుర్తుందా?”

“గుర్తుంది.”

“చెప్పు చూద్దాం.”

“అతను మన కూలీ కాదు.”

“ఇంకా?”

“తాగి, దారినపోతూ లోపలికొచ్చాడు.”

“అదీ. వాడి పెళ్లాం వచ్చి నీ కాళ్లమీద పడ్డా అదే మాట. మాట మారిందంటే నువ్వూ నీ మూడు గాడిదలూ ఇంకో మేడ వెతుక్కోవాలి.”

“పునాది తీసిన రోజు నుంచీ ఉన్నాడు కదా, మేస్త్రీ. మెట్ల పక్కన అడ్డంగా కర్రలు కట్టించమని నిన్న కూడా నిన్ను...”

“అక్కా.”

“సరే, సరే. అననులే.”

“పని చేసేవాళ్లం మనం. పడ్డవాడి దగ్గర కూర్చుంటే పైన కలిపిన సిమెంటు గడ్డకట్టి చచ్చేది.”

“నేనూ కూర్చోలేదుగా. పారిపోయిన రెండింటినీ పట్టుకొచ్చి, అతని పక్కనుంచే పైకి తోలాను. మంచినీళ్లు అడిగాడు. దిగేటప్పుడు ఇస్తానన్నాను.”

“ఇచ్చావా మరి?”

“దిగేసరికి అడగడం మానేశాడు.”

“ఇప్పుడవన్నీ ఎందుకు? అదుగో, జీపు వచ్చేసింది. నలుగుర్ని పిలిచి ఆ దరిద్రాన్ని కిందికి ఈడ్పించు.”

“ఉండనీ, మేస్త్రీ. పడ్డది మన కూలీయే అని నేను చెప్పాక, అతని దగ్గర ఆగిందెవరని ఆయన అడుగుతాడు. చూపించడానికి అదొక్కటే ఉంది.”