ఐదో పేరు

కమలాపురం పెద్ద వీధిలో బట్టల అంగడి, దాని మీద మిద్దె. మధ్యాహ్నం మూడు దాటింది. కడప నుంచి బస్సులో వచ్చిన ఆడపిల్లల కాలేజీ బాస్కెట్‌బాల్ కోచ్ సంతోషమ్మ ఎదురుగా, ఒకప్పటి ఆమె కెప్టెన్ మధులత కూర్చుని ఉంది.

“మజ్జిగ వద్దు మధూ. ముందు మాట చెప్పు.”

“ఈ ఎండలో వచ్చినారు మేడమ్, గుక్కెడన్నా తాగకుంటే ఎట్ల? ఫోన్ చేసింటే నేనే వస్తాంటి కదా.”

“నాలుగు సార్లు చేసినా. ఎత్తలేదు నువ్వు.”

“అయ్యో, అంగట్లో సిగ్నల్ సరిగా…”

“సరేలే. నలుగురు పిల్లోళ్లు ఉండారు నాకు. ఐదో పేరు కావాల. సాయంత్రం ఐదు గంటల్లోపల కాగితం మీద ఐదు పేర్లు రాసిస్తే టీము ఉంటాది. లేకుంటే బాస్కెట్‌బాల్ కోర్టు తీసేసి కార్లు నిలబెట్టుకుంటామని కరస్పాండెంట్ ఖరాఖండిగా చెప్పినాడు. మీ పాప అమూల్య మా కాలేజీలోనే కదా చదివేది? ఎత్తు అచ్చం నీ ఎత్తే.”

“ఎత్తుంటే సరిపోతాదా మేడమ్? అది గాలికి పడిపోయేట్ల ఉండాది. తలనొప్పి అంటాది ఊరికూరికే.”

“నువ్వు చేరిన పొద్దు ముప్పై తొమ్మిది కిలోలు. నీ కాలికి సరిపోయే బూట్లు లేకపోతే, ముందర పేపరు ఉండలు కుక్కి తొడిగిస్తి.”

“ఇంగా గుర్తుండాదా మీకు!”

“మూడో నెలకే పేపరు తీసేస్తివి. ఆ ఏడూ కప్పు మనదే. నీకు ముందు నుంచీ, మొత్తం ఎనిమిదేండ్లు వరసగా మనదే మధూ. ఆటలు కడపలోనే జరిగినప్పుడు ఊర్లో ఏడురోడ్ల కాడ నన్ను జీపెక్కించి ఊరేగించినారు.”

“ఆ బంతిపూల దండకు మీరు తుమ్ముతానే ఉంటిరి. మేము జీపు ఎనకాల నవ్వి నవ్వి సచ్చినాం.”

“నవ్వతాండావే. అట్లనే నవ్వతా సరే అను.”

“ఒగేల కర్నూలుకో అనంతపురానికో పోవాలంటారు కద మేడమ్ మళ్లా.”

“పోయేది లేదు. ఈసారి ఆటలు కడపలోనే. ఆరుకంతా నేనే తెచ్చి ఇంట్లో విడుస్తా.”

“అప్పుడూ అట్లనే చెప్పినారు మా నాయనకు.”

“అప్పుడేం చెప్పినానో నాకు తెలుసులే.”

“శ్రీశైలం పోతాండామని చెప్పినారు.”

“ఏం చేయాల మరి? కాలేజీలో ఆడితే సరే, పరాయి ఊర్లో రాత్రి ఉండేది మాత్రం వద్దనె మీ నాయన. గుడికంటే ఇంగ నోరెత్తడు. ఏసు బిడ్డను నేను. శ్రీశైలం బస్సు డ్రైవరు సోమన్నను బతిమాలి, ముందే కుంకుమ పొట్లాలు తెప్పించి పెట్టుకుంటాంటి.”

“తిరిగొచ్చేటప్పుడు బస్సులో మాకు పాఠం. క్యూ ఎంతసేపు పట్టె? మూడు గంటలు. తిరునాళ్ల మాదిరి జనమా? అవును మేడమ్. అంతా ఒప్పజెప్పాల. మా నాయన ఆ కుంకుమ కండ్లకద్దుకుంటాంటే నేను తల తిప్పుకోని బూట్ల సంచి మంచం కిందికి తోస్తాంటి.”

“ఎనిమిదేండ్లు నడిచె కదా.”

“నడిచె. ఘాట్ రోడ్డులో బండలు దొర్లి శ్రీశైలం బస్సు మీద పడినేదాకా.”

“మధూ, వద్దు.”

“మీకు వద్దు. టీవీలో చూసి మా నాయనలందరూ కడప బస్టాండుకు ఉరికొచ్చినారు. ఏ బస్సొచ్చినా ఎదురుపోయి చూస్తాండారు. మనం కర్నూలు బస్సులోంచి దిగితిమి. అందరికంటే ముందర దిగింది నేనే. దర్శనం బాగా అయింది నాయనా అని పొట్లం చేతిలో పెట్టినా.”

“నేను నీ ఎనకాల మెట్టు మీదనే ఉంటి.”

“ఆయన కొట్టలేదు మేడమ్. తిట్టలేదు. పొట్లం తీసుకొని జేబులో పెట్టుకున్నాడు. సచ్చేదాకా నా చేతి కుంకుమ మాత్రం మళ్లీ ముట్టలేదు.”

“ఆ పొద్దు ఫైనల్లో నువ్వు ఇరవై రెండు పాయింట్లు వేస్తివి.”

“ఎవరికి చెప్పుకున్నా? కప్పు మీరు దాచి తెచ్చిన బియ్యం సంచిలోనే ఉండిపాయె.”

“తప్పు నాదే. కాదన్నానా ఏ పొద్దయినా? ఇరవై ఏండ్లుగా ఇల్లిల్లూ తిరుగుతాండా. తలుపు సందులో నుంచే పాప లేదు మేడమ్ అంటారు. లోపల పాప నిలబడుకోని నన్నే చూస్తాంటాది. ముప్పైమంది వచ్చే చోట పన్నెండు మందయిరి, పోయినేడు ఏడుగురు. ఇప్పుడు నలుగురు. అందులో ఒగదానికి ఉబ్బసం.”

“అయ్యో.”

“నవ్వుకో పర్వాలేదు. నేనూ నవ్వుకుంటాంటా.”

“మా ఇంటాయన ఒప్పుకోడు మేడమ్.”

“ఆయన సంగతి ఎందుకు? నువ్వు చెప్పు. నువ్వు వద్దంటే ఇప్పుడే లేచి పోతా. ఇంగ ఈ మెట్లెక్కను.”

“నన్నడిగితే… నన్నెవరడిగినారు మేడమ్ ఇన్నేండ్లలో?”

“నేనడుగుతాండా కదా. ఈసారి ఒక్క అబద్ధం లేదు. రాస్తావా, రాయవా?”

“ఇట్లియ్యండి ఆ కాగితం.”

“నిజంగానా?”

“బిన్నా ఇయ్యండి, ఆయన అంగడి నుంచి పైకి రాకముందే. తర్వాత నేను చూసుకుంటా ఆయన సంగతి. ఏమంటాడు, రెండు దినాలు మాట్లాడడు. అంతే కదా.”

“ఇంటిపేరుతో సహా రాయి మధూ. గుండ్రంగా రాయి.”

“రాసినా. చూసుకోండి. అమూల్య. ఐదో పేరు… అట్ల చూస్తాండారేమి మేడమ్?”

“ఏం లేదు. మజ్జిగ ఇస్తానంటివే, ఇంగా తేలేదు.”

“తెస్తా, తెస్తా. అదో, అమూల్య కూడా వచ్చె కాలేజీ నుంచి. పాపా, ఇట్రా, ఎవరొచ్చినారో చూడు! రేపట్నుంచి నువ్వు కోర్టుకు పోతాండావు.”

“ఏ కోర్టుకమ్మా?”

“ఏ కోర్టేమే, మీ కాలేజీదే. మేడమ్ టీములో ఆడతాండావు.”

“పాపా, నువ్వు పోయి మజ్జిగ తీసుకరాపో. పో తల్లీ.”

“పొద్దున్నే ఆ బాస్కెట్‌బాల్ పోల్స్ రెండూ పీకేసినారు కదమ్మా. మేమందరం క్లాసు కిటికీలో నుంచి చూస్తాంటిమి. మేడమే దగ్గరుండి, మెల్లగ దించండప్పా, రింగు వంగిపోతాది అని వాళ్లకు చెప్తాండిరి.”