గోడ మీది నంబరుకు సెలవు

శ్రీమతి ఇంద్రాణి గారు దిల్‌సుఖ్‌నగర్‌లోని మన రక్తనిధి కేంద్రంలో 1998 జూన్ 8వ తేదీ, సోమవారం నాడు కంప్యూటర్ ఆపరేటరుగా చేరారు. తెనాలి నుంచి వచ్చి ఎల్‌బీ నగర్‌లో కాపురం పెట్టి అప్పటికి నెలైనా కాలేదు. ఆరు నెలలు నిలదొక్కుకుంటే చాలనుకున్న ఆమె ఇరవై ఎనిమిదేళ్లు ఒకే కిటికీ పక్కన సేవలందించి, ఈ మే నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు.

తొలి అయిదారేళ్లు రిజిస్టర్లలోని దాతల వివరాలను కంప్యూటర్‌కు ఎక్కించడంలోనే గడిచాయి. 2004లో డేటాబేస్ బాధ్యతను వారికి అప్పగించారు. పదోన్నతితో పాటు మరొకటి కూడా దక్కింది. స్టాకు గది గోడ మీద ఎవరో మార్కర్‌తో 'సిస్టం ఆగితే ఇంద్రాణి గారు' అని రాసి, పక్కనే ఆమె ఫోన్ నంబరు వేశారు. ఆదివారాలు, పండుగలు, చివరకు మేనకోడలి పెళ్లిలో తలంబ్రాల వేళ సైతం ఆ ఫోన్ మోగింది. వారు ఏనాడూ విసుక్కోలేదని రాస్తే అబద్ధమవుతుంది. విసుక్కుంటూనే జవాబు చెప్పారు. ఫోన్ మోగని ఆదివారం ఒక్కటి దొరికితే చాలన్నదే వారి కోరిక.

ఏ ఆసుపత్రివారు "ఫలానా గ్రూపు ఎన్ని సంచులున్నాయి?" అని అడిగినా, కంప్యూటర్ ఏళ్ల తరబడి పేరుకున్న లక్షల నమోదులను మొదటి నుంచి వెతికి, కూడి, తీసివేసి, నాలుగు నిమిషాలకు గాని జవాబిచ్చేది కాదు. అవతల రోగి బంధువు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నిలబడితే నాలుగు నిమిషాలంటే మాటలా! 2019లో, యాభై మూడేళ్ల వయసులో, ఇంద్రాణి గారు మెట్రోలో మూడు స్టేషన్ల ప్రయాణానికి పేజీన్నర చొప్పున డేటాబేస్ పుస్తకం చదివి, ఇండెక్స్‌డ్ వ్యూ అనే ఏర్పాటు చేశారు. మొత్తాలను ముందే కూడి, అడగ్గానే దొరికేలా భద్రపరచి, కొత్త నమోదు పడిన ప్రతిసారీ అప్పటికప్పుడే సవరించే పద్ధతి అది. జవాబు రెప్పపాటులో రాసాగింది.

అభినందనలు ముగియకముందే ఎల్‌బీ నగర్ రక్తదాన శిబిరంలో ఆరు కంప్యూటర్లూ మొరాయించాయి. ఆరుగురు రాస్తున్న ప్రతి నమోదూ గ్రూపుకొక్కటిగా ఉన్న ఆ మొత్తాన్నే సవరించాలి. ఒకరిది పూర్తయ్యేదాకా మిగిలినవారు ఆగాలి. వరుసలో నిలబడి విసిగిన దాతలు ఇంటిముఖం పట్టారు. ఫోన్ అందుకుని పరుగున వచ్చిన ఇంద్రాణి గారికి పాలుపోలేదు. అప్పుడు శిబిరంలో నమోదులు రాస్తున్న మణెమ్మ గారే అడిగారు.

"మేడం, మీ కొత్త లెక్క ఫోనెత్తేటోళ్లకు మంచిగనే ఉన్నది. గీడ రాసేటోళ్లమే పరేషాన్ అయితున్నం. పరీక్ష గాని రక్తం ఎవ్వలకిస్తం? దాన్ని గిప్పుడే ఎందుకు కూడుడు?"

"నిజమే మణెమ్మా, నాకు తట్టనే లేదు. తప్పు నాదే," అన్నారు ఇంద్రాణి గారు.

కాళ్లు లాగుతున్నా అక్కడే కూర్చుని, శిబిరం నమోదులను విడిగా పెట్టి, పరీక్షలో నెగ్గిన సంచులు మాత్రమే ఆ మొత్తంలో చేరేలా మార్చారు. నివేదికలో తన పొరపాటునూ, మణెమ్మ గారి పేరునూ దాచకుండా రాశారు. అంతటి నిజాయితీ మనలో ఎందరికుందో ఎవరికి వారే చూసుకోవాలి.

క్రమంగా ఫోన్లు తగ్గాయి గాని పూర్తిగా ఆగలేదు. సిస్టం ఆగకపోయినా, ఆగుతుందేమోనన్న భయంతో మనమే వారికి ఫోన్ చేశాం. గడచిన రెండేళ్లూ వారు ప్రతి మరమ్మతునూ మనకు ఓపికగా నేర్పారు. వారి కళ్లకింద నలుపు మాత్రం తగ్గలేదు, అందుకు కారకులం మనమే.

మొన్న మణెమ్మ గారు స్పిరిట్‌లో ముంచిన దూదితో గోడ మీది నంబరును తుడిచేసి, "ఇగ మీరు నిమ్మళంగ పండుకోండ్రి మేడం," అన్నారు.

ఇంద్రాణి గారు అలసటగా నవ్వారు. "గోడ మీద చెరిపితే ఏం లాభం మణెమ్మా? మీ అందరికీ నోటికొచ్చు కదా!"



ఇంద్రాణి గారికి సంపూర్ణ ఆరోగ్యం, నిండు నూరేళ్ల ఆయుష్షు, ఆదివారాల్లో కంటినిండా నిద్ర కలగాలని, ఆ పది అంకెలనూ మరచిపోయే సద్బుద్ధి మనకు కలగాలని మనసారా కోరుకుంటున్నాం.