పాలు కారని కొడిశపాల

ఓబులమ్మని ఒక కోడలుండేదంట, నల్లమల అడుగునుండే ఊళ్ళో. కొత్త కోడలు, మాట కాస్త దురుసు. వాళ్ళత్త సుంకులమ్మంటే ఏమనుకున్నారు, సుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఆమే మందు. వానాకాలం కొత్తనీళ్ళు తాగి ఎవురికన్నా నెత్తురు విరోచనాలు పడితే, కొడిశపాల చెట్టు బెరడు కాసి కొంచెమే, గుక్కెడే పోసేదంట. ఇంకాస్త పొయ్యమ్మా అంటే, "ఇది మందు, మజ్జిగ కాదు" అనేది. కడుపుతో ఉన్నామె వస్తే సుక్క కూడా ఇచ్చేది కాదు. అంత జాగర్త మనిషి. అయితే ఏమైందంటే, ముసలితనానికి కళ్ళు మసకేసినాయి. ఆ మాట ఎవురికీ చెప్పదు. చెప్తే మళ్ళీ ఎవురొస్తారు మందుకి?

ఆ యేడు వాన పట్టింది అనుకో, పట్టి వదల్లే. సుంకులమ్మ కూతురు చెన్నమ్మ పుట్టింటికొచ్చి ఉంది. ఆ పిల్లకే పట్టుకుంది రోగం. జరంతో పెదాలు ఎండిపోయి, లేవలేక పడుంది. ఇంట్లో చూస్తే బెరడు అయిపోయింది. సుంకులమ్మ తమ్ముడు పుల్లన్న గొడ్డలేసుకొని అడవికి పోయినాడంట. కొడిశపాల చెట్లేమో వాగవతల, వాగు పొంగుతా ఉంది. అవతలికి పోలేక, ఇవతల కనపడిన చెట్టుదే చెక్కుకొచ్చి పడేసినాడు. అత్త దాన్ని తడిమింది, కుండలో ఏసి పొయ్యి మీద పెట్టింది. కూతురట్లా పడుంటే ఏ తల్లికి నిదానముంటాది, మీరే చెప్పండి?

మిగిలిన చెక్క ఓబులమ్మ చేతికి తీసుకునింది. పచ్చి బెరడు, అప్పుడే కొట్టింది. గోటితో గిల్లింది, పాలు రాలే. మళ్ళీ గిల్లింది, రాలే. ఇంతలో అత్త కషాయం గిన్నెలోకి వంచి కూతురి నోటికాడికి తీసకపోతా ఉంది. ఓబులమ్మ ఒక్క ఉరుకు ఉరికి గిన్నెను ఎగరగొట్టిందంట. అబ్బ, ఇంక చూడండి! "నా బిడ్డ సచ్చిపోతే నీకు సంతోషమా ఏమే!" అని అత్త జుట్టు పట్టుకునింది. పుల్లన్న చెయ్యెత్తినాడు. ఇరుగుపొరుగంతా వాకిట్లో చేరినారు. ఓబులమ్మ బెదర్లే. "కొట్టు మామా, కొట్టినాక చెప్పు. కొడిశపాలైతే పాలేవి? ఆ చెట్టుకి కాయలెట్లున్నాయి?" అనింది. పుల్లన్న నసిగినాడు. "గుండ్రంగా, నారింజకాయల మాదిరి ఉన్నాయి" అన్నాడంట. కొడిశపాలకి సన్నంగా పొడుగ్గా జంటకాయలు కదా కాసేది! "ముష్టి చెట్టే అది!" అని వాకిలంతా గొల్లుమనింది. ముష్టంటే విషం, ఒళ్ళు విల్లు మాదిరి వంచి చంపుతాది. అత్త చేతిలో జుట్టు జారిపోయింది.

ఓబులమ్మ ఆగిందా? ఆగలే. "అత్తా, నేనొచ్చేదాకా ఉప్పేసి గంజినీళ్ళు పోస్తా ఉండు" అని, నడుముకి మోకు కట్టుకొని, కొస పుల్లన్న చేతికిచ్చి వాగులో దిగింది. రొమ్ములోతు నీళ్ళు, తోస్తా ఉన్నాయి. ఒకసారి మునిగింది కూడా. గట్టెక్కి చెట్టు చెక్కితే, చూడు, వేళ్ళమ్మట తెల్లగా కారినాయంట పాలు! అక్కణ్ణుంచే కేకేసింది, "మామా, పాలు!" అని. తెచ్చి కాసినారు, గుక్కెడే పోసినారు. నెత్తురు తగ్గింది, జరమూ దిగింది. చెన్నమ్మ గోడకానుకొని కూర్చుని "వదినా, ఆకలేస్తాంది" అనిందంట. వాకిట్లో ఆడోళ్ళు ఏడస్తా నవ్వినారు. పట్టి గుంజిన జుట్టుకే అత్త నూనె రాసి, కనకాంబరాలు పెట్టి, అందరి ముందర గట్టిగా చెప్పింది: "నాకు కళ్ళు కనపడవు. ఇంకమీదట నా కోడలు చూసి సరే అంటేనే బెరడు కుండెక్కుతాది."

ఇప్పుడు మీరడుగుతారు, అవ్వా, ఆ చెట్టు యాడుందీ అని. నేను చెప్పను పోండి. నెత్తురు పడితే ఆస్పత్రికి పోండి. ఓబులమ్మ కళ్ళు మీకు యాడున్నాయి, పొద్దస్తమానం సెల్లు చూసేటోళ్ళకి!