శాలువా కప్పిన చట్టం

కాదు మేడమ్, ఈ శాలువా మీరే తీసుకపోండి. మా ఇంట్ల దీన్ని పెట్టే జాగ లేదు. బీరువల పెడితే తలుపు తీసినప్పుడల్లా కండ్లవడ్తది. మంచం కింద పెడితే మా ఆయనకు నిద్ర పడ్తలేదు. పారేద్దామంటే జరీ అంచు, మనసొప్పది. గంత మంచి శాలువా మా ఖాందాన్ల ఎవ్వరికీ కప్పలే, అదొక బాధ.

అయ్యో, నిలవడ్డరేంది, కూసోండి. ఆ కుర్చీల వద్దు, కాలు వదులైంది. ఇటు మంచం మీద కూసోండి. రాకేశ్ లేడు. కంపెనీ ట్రిప్పుకు పోయిండు. ఆయన లేని టైం చూసుకోనే వచ్చిన్రు కదా? తప్పు పడ్తలేను. ఆయన మొకం చూసి మాట్లాడుడు మీకు కష్టమే. మూడేండ్లు కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీ దాకా ఆయన క్యాబ్‌లనే పోయిన్రు. "సౌజన్య మేడమ్ ఎక్కితే ఏసీ తగ్గించాలె, ఆమెకు జలుబు" అని ఇంటికొచ్చి చెప్పేటోడు. అప్పుడు మీరంటే నాకు జర కుళ్ళు గూడ ఉండె. నవ్వకండి, నిజమే చెప్తున్న.

ఆ క్యాబ్‌లనే కదా ఆయన ఒక దినం అడిగిండు, "మేడమ్, మీ ఆఫీసుల ఏం పని చేస్తరు?" అని. "చట్టాలు రాస్తామండి రాకేశ్ గారూ" అన్నరంట మీరు. నాకొచ్చి చెప్తే నేను నమ్మలే. చట్టాలు అసెంబ్లీల రాస్తరు గని కంపెనీల రాసుడేంది, ఆమె నీతోని మజాక్ చేసింది అన్న.

నాకేం తెల్సు మేడమ్? ఇంటర్ల ఫెయిలైనదాన్ని. తర్వాత ఏది నేర్చుకున్నా ఈ ఫోన్లనే నేర్చుకున్న. అసెంబ్లీల చేతులెత్తుడు, టేబుళ్ళు గుద్దుడు మాత్రమే అయితదని, రాసుడంత మీ అద్దాల బిల్డింగ్ల అయితదని ఏ ఫోనూ చెప్పలే. సర్కారుకు ఫ్రీగ రాసిస్తరంట కదా? ఫ్రీగ అంటే, సర్కారు ఇయ్యకపోతే ఇంకెవరో ఇస్తున్నట్టే కదా. నరసింహమూర్తి సార్ ఇస్తడు. కంపెనీల సంఘానికి పెద్ద. మీ జీతమూ ఆయనదే, ఎలక్షన్లప్పుడు గల్లీల తిరిగే మైకులూ ఆయనయే.

ఏంది? గట్టిగ మాట్లాడ్తున్ననా? అవ్, ఈ మదీనాగూడ ఇండ్లల్ల గోడలు పల్చగుంటయి. కింద కనకలక్ష్మక్క ఉంటది. స్వామి అన్న భార్య.

స్వామి అన్న యాదికున్నడు కదా? ఆయన పోయినందుకే కదా మీ బిల్లు పుట్టింది. ఆ దినం రాత్రి డ్యూటీ దిగి ఇంటికి రావాలె. పొద్దున ట్రిప్పుకు ఇంకో డ్రైవర్ రాలేదని, "అన్నా, ఈ ఒక్క రౌండ్ కొట్టు" అన్నరు. కొట్టిండు. రింగ్ రోడ్డు మీద, ఎండ మొకం మీద కొడ్తుండంగనే, కండ్లు మూతలు పడ్డయి. వెనక కూసున్న ఆఫీసు పిల్లలకు దెబ్బలు తాకినయి, బతికిన్రు. దేవుని దయ. అన్న మాత్రం ఆన్నే పోయిండు.

కంపెనీని అడిగితే "మా మనిషి కాదు, ట్రావెల్స్ వాళ్ళ మనిషి" అన్నది. ట్రావెల్స్ వాళ్ళను అడిగితే "బండి ఆయనదే, ఆయనే ఓనర్, మాకేం సంబంధం" అన్నరు. ఆఖరికి ఎవ్వరి మనిషీ కాకుండ పోయిండు మేడమ్. దవాఖానల శవాన్ని తీసుకునే కాడ సంతకం రాకేశే పెట్టిండు.

గప్పుడు బండ్లన్నీ ఆపిన్రు మావోళ్ళు. ఆఫీసులకు పొయ్యేటోళ్ళు మెట్రో కాడ తన్నుకున్నరు. సర్కారు దిగొచ్చింది, చట్టం తెస్తమన్నది. మావోళ్ళు అడిగింది రెండే. ఒక షిఫ్టుకు ఇంకో షిఫ్టుకు నడుమ నిద్రపోయే టైం ఇయ్యాలె. డ్యూటీ మీద డ్రైవర్ సస్తే, బండ్ల ఎవరి స్టాఫ్ ఉన్నరో ఆ కంపెనీ జవాబు చెప్పాలె. గంతే. బంగ్లాలు అడిగిన్రా?

మొదట మీరు ఆ రెండూ రాసిన్రంట. "మీరు అడిగినట్టే రాశానండి" అని బండ్ల చెప్పిన్రంట. ఆ దినం ఆయన మిఠాయి తెచ్చి కిందికి పోయిండు. "వదినా, అన్న పేరు నిలవడ్తది" అన్నడు. ఆమె ఒక ముక్క తుంచి ఫొటో ముందట పెట్టింది, మిగిలింది పాపకిచ్చింది.

అటెన్క బిల్లు మీద అభ్యంతరాలు పంపండని సర్కారు వెబ్‌సైట్ల పెట్టిన్రు. ఇంగ్లీషుల. మావోళ్ళకు ఆ ముచ్చటే తెల్వదు. తెల్సింది ఎట్లనో తెల్సా? ఈయన బండి నడుపుతుంటే వెనక సీట్ల పిల్ల ఫోన్ల అడుగుతుందంట, "ఏంటే, హెచ్ఆర్ వాళ్ళు పంపమన్న మెయిల్ పంపావా? ఏదో డ్రైవర్ల బిల్లంట, మనం వద్దనాలంట." పక్క పిల్లగాడు "నేను కాపీ పేస్ట్ చేసేసిన" అన్నడంట. ఈయన బండ్లనే! ఈయన అద్దంల చూసుకుంట ఇద్దర్ని గేటు ముందట దించిండు. దిగేటప్పుడు "థాంక్స్ అన్నా" అన్నరంట. వాళ్ళను తిట్టనీకి గూడ నాకు నోరు వస్తలేదు. ఆ పిల్లలకేం ఎర్క?

ఇగ మీటింగ్. ప్రజాభిప్రాయ సేకరణ. పేరు మంచిగుంది. యాడ? పెద్ద హోటల్ల. ఎప్పుడు? సోమవారం పొద్దున, ఊరంత ఆఫీసులకు ఉరికే టైంల. ఆ టైంల ఖాళీగ ఉన్న డ్రైవర్ ఒక్కడన్న దొరుకుతడా మేడమ్? డ్రైవర్ల అభిప్రాయం తీసుకునే మీటింగ్‌కు పెద్దమనుషులను తీసుకొచ్చి దించింది ఆ డ్రైవర్లే. దించి పార్కింగ్‌ల నిలవడ్డరు. మా సంఘంల నుంచి రాకేశ్ ఒక్కన్ని పిలిచిన్రు, అధ్యక్షుడని. ఆయన కోసం కారు గూడ పంపిన్రు! బతుకంత స్టీరింగ్ పట్టుకున్నోడు వెనక సీట్ల కూసున్నడు. "చేతులు యాడ పెట్టుకోవాల్నో తెల్వలేదే రోహిణీ" అన్నడు.

అంతకుముందు వారం సంది ఆడ చెప్పాల్సిన ముచ్చట నా ముందట చెప్పి చూసుకున్నడు. నేను మంత్రిని, ఈ మంచం స్టేజీ. "గౌరవనీయులైన మంత్రిగారికి" అనంగనే నాకు నవ్వొచ్చేది. "నవ్వకే, ఇది స్వామి అన్న పని" అనేటోడు. ఒక్క మాట తప్పకుండ వచ్చింది ఆయనకు. నాకు గూడ వచ్చింది.

స్టేజీ మీద మంత్రిగారి పక్కపొంటి కుర్చీ ఏసిన్రు. నరసింహమూర్తి సారే లేసొచ్చి శాలువా కప్పిండు. మీకు తెల్సో లేదో, మాకాడ శాలువా కప్పినోనికి చేతులు జోడించాలె. అది భుజం మీద ఉండంగ కొట్లాడొద్దు, పెంపకం తక్కువంటరు. మా సంఘం మీటింగులల్ల గూడ గంతే. ముందుగాల సన్మానం, దండాలు, ధన్యవాదాలు. అవి అయినంక శాలువా మడిచి పక్కన పెట్టి అసలు ముచ్చట తీస్తరు. అప్పుడు అరుసుకుంటరు, కుర్చీలు గూడ లేస్తయి.

ఈడ గూడ గట్లనే అనుకున్నడు పిచ్చోడు. మైకు చేతికిచ్చి రెండు మాటలు చెప్పమంటే, "మా కష్టం యాదికుంచుకొని చట్టం తెస్తున్న మంత్రిగారికి, పెద్దలకు ధన్యవాదాలు" అన్నడు. కూసున్నడు. అసలు ముచ్చట భోజనాలైనంక ఉంటదని కూసున్నడు. భోజనాలైనంక ఏమున్నది? ఐస్‌క్రీం ఉన్నది. ఐస్‌క్రీం అయినంక కార్లొచ్చినయి.

మీరు ముందు వరుసలనే ఉన్నరు కదా మేడమ్. ఒక్క సైగ చేసేదుండె. "ఇప్పుడే చెప్పండి రాకేశ్ గారూ, తర్వాత ఇంకేం ఉండదు" అని. ఒక్క సైగ.

...సరే. సరే. తల దించుకోకండి. మీ ఉద్యోగం మీది. మీకూ కిరాయి ఉంటది, మీ నాన్నకు మందులుంటయి. నాకు తెల్సు.

బిల్లు పెట్టిన దినం పప్పు కుక్కర్ పొయ్యి మీద పెట్టి ఫోన్ల లైవ్ చూస్తున్న. కంపెనీ జవాబు చెప్పాలన్న ముచ్చట లేదు. యాడికి పోయిందో ఎవరు చెప్తరు? మొదట ఉండె. నడుమ నరసింహమూర్తి సార్ మంత్రిగారింట్ల భోంచేసిండు. తర్వాత లేదు. అది ఉంటే కంపెనీలు బెంగళూరుకు పోతయంట. పోనియ్యండి, ఆడ గూడ డ్రైవర్లకు నిద్ర రాదా?

ఇగ నిద్ర ముచ్చట. అది ఉన్నది మేడమ్! ఎట్లున్నది? నిద్ర లేకుండ బండి నడిపితే డ్రైవర్‌కు జుర్మానా, లైసెన్స్ బంద్. అంటే స్వామి అన్న బతికుంటే, ఆయన కోసం తెచ్చిన చట్టం కిందనే ఆయన్ని పట్టుకపోతరు. "ఒక్క రౌండ్ కొట్టు" అన్నోనికి మాత్రం ఏం లేదు. వాని ఊసే లేదు దాంట్ల.

మంత్రిగారు చెయ్యెత్తి చెప్తున్నడు, "డ్రైవర్ సోదరుల నాయకుడే వేదిక మీదికి వచ్చి ఈ చట్టాన్ని స్వాగతించారు అధ్యక్షా!" అని. ఫొటో గూడ ఎత్తి చూపించిండు. భుజం మీద జరీ అంచు, చేతులు జోడించుకొని మా ఆయన. టేబుళ్ళు గుద్దిన్రు. నేను కుక్కర్ దించకముందే పాసైపోయింది.

ప్రతిపక్షమా? మంచిగ అడిగిన్రు. పోయిన. ఊకె కూసుంటననుకున్నరా? కూకట్‌పల్లిల వాళ్ళ నాయకుని ఆఫీసుకు పోయిన. మస్తు ఓపికగ విన్నడు. "అన్యాయం తల్లీ, నిలదీస్తాం" అన్నడు. నాకు కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. బయటికొస్తే ఆయన పీఏ, ఉదయ్ భాస్కర్ అంట, లిఫ్ట్ దాకా వచ్చిండు.

"చెల్లే, ఇగ తిరగకు. సార్ ఏం మాట్లాడడు" అన్నడు.

"ఇప్పుడే కదన్నా నిలదీస్తమన్నడు?"

"అందరితోని గదే అంటడు. నరసింహమూర్తి సార్ వాళ్ళకిచ్చినట్టే మాకూ ఇస్తడు. మాకు జర ఎక్కువనే. ఓడిపోయినం కదా, లేపాలె కదా మమ్మల్ని." చెప్పి నవ్విండు. చెడ్డోడు కాదు మేడమ్. ఈ మొత్తం కథల నాకు నిజం చెప్పింది ఆయనొక్కడే. ఇగ నా ఓటు ఎవరికేస్తే ఏంది? అది పోయి పడేది ఒక్క ఇంట్లనే.

మియాపూర్ డిపో కాడ చాయ్ హోటల్ల మావోళ్ళు కూసుంటరు. ఈయన పోతే మాటలు బంద్ చేస్తున్నరు. మొన్న యశ్వంత్ గాడు, నిన్నగాక మొన్న స్టీరింగ్ పట్టినోడు, "అన్నా, మాకు గూడ ఒక్కొక్కటి కప్పియ్యరాదు, చలికాలం వస్తుంది" అన్నడంట. అందరు నవ్విన్రంట. ఈయన గూడ నవ్విండంట. ఇంటికొచ్చి నాకు చెప్పుకుంట గూడ నవ్విండు. ఆ నవ్వు చూడలేక నేను వంటింట్లకు పోయిన.

కనకలక్ష్మక్క ఏమన్నదంటరా? ఏమనలే. అంటే మంచిగుండు. ఇప్పటికీ కూర వండితే గిన్నె పైకి పంపుతది. ఆ గిన్నె కడిగి, ఆమె లేని టైం చూసి, గడప మీద పెట్టి వస్త.

తెల్సు, మీరెందుకొచ్చిన్రో తెల్సు. రేపు ఆయన ప్రెస్ మీట్ పెడ్తడని మీకెవరో చెప్పిన్రు. "మేం ఒప్పుకోలే, మమ్మల్ని అడగనే లేదు" అని చెప్పనీకి. మీరేం బెదిరియ్యలే మేడమ్, మీకు బెదిరించుడు రాదు. ఇందాక వచ్చీరాంగనే "డ్రైవర్ల సంక్షేమ బోర్డు వేస్తున్నారండి, అందులో రాకేశ్ గారి పేరు అనుకుంటున్నారు" అన్నరు. "రేపు గొడవైతే ట్రావెల్స్ వాళ్ళు రూట్లు మార్చేస్తారేమోనండి, నాకు భయంగా ఉంది" అన్నరు. మీకు భయం! రూటు మార్చుడంటే బండి ఇంటి ముందట నిలవడుడు. నిలవడ్డ బండిని బ్యాంకోడు గుంజుకపోవుడు. అటెన్క చెప్పేదేమున్నది?

రోహిణి ఏడుస్తది, లేకపోతే చీపురు తీస్తది అనుకున్నరా? లేవకండి. ఒక ముచ్చట చెప్పాలె.

మీరు రావాల్సిన పనే లేకుండె.

రేపు ప్రెస్ మీట్ లేదు. నేనే వద్దన్న. పొద్దుగాల ఆయన అంగి తొడుక్కుంటుంటే చెప్పిన. ఎవరు రాస్తరు, ఆ పేపర్ల నిండ యాడ్లు ఎవరియి, రాసినా చట్టం మారుతదా అన్న. ఆయన గుండీ పట్టుకొని గట్లనే నిలవడ్డడు. "మరి స్వామి అన్న?" అన్నడు. నేనేమన్ననో తెల్సా? "ఇప్పుడు ఏ చట్టం వస్తే ఆయనకేంది, నువ్వు బతికున్నవు" అన్న. గీ నోటితోనే. ఆ శవం ముందట అందరికన్న ఎక్కువ ఏడ్చింది నేనే మేడమ్, ఎవర్నన్న అడగండి.

ఆయన తలూపిండు. బండి తాళం తీసుకొని పోయిండు. పోతుంటే ఆయన మొకంల, ఎట్ల చెప్పాలె, జర నిమ్మళం కనవడ్డది. నాకు గూడ నిమ్మళమైంది. సిగ్గు తర్వాత వచ్చింది. ముందుగాల వచ్చింది నిమ్మళమే.

గందుకే మీ మీద ఇంత లొల్లి చేసిన. ఎవరో ఒకరి మీద చెయ్యాలె కదా.

బోర్డు మీటింగ్ ఎప్పుడు? మళ్ళ హోటల్లనేనా? మంచిది, వస్తడు. తెల్ల అంగి ఇస్త్రీ చేసి పంపుత. ఆడ ఏం మాట్లాడాల్నో మీరే రాసియ్యండి. చట్టమే రాసిన్రు, గిది రాయలేరా?

ఆగండి, ఇప్పుడే దిగకండి. ఈ టైంల కనకలక్ష్మక్క తలుపు తెరుసుకొని గడప కాడ కూసుంటది. జరసేపట్ల పాపను బడి నుంచి తోల్కరానీకి పోతది. ఆమె పోయినంక పోదురు.

మీ చెప్పులు బయట ఇడిచిన్రా? అయ్యో. ఉండండి, నేను లోపల పెడ్త. అసుంటి చెప్పులు ఈ బిల్డింగ్ల ఎవ్వరం తొడగం.